దెబ్బతిన్నకొలది గట్టిపడు ఉక్కు: రాబర్టు హాడ్‌ఫీల్డు జీవితము

రైలుబండి విజయవాడవంటి పెద్ద కూడలిని సమీపించునపుడు, అంతవఱకు తాళము తప్పక సాగిన చక్రముల చప్పుడు ఒక్కసారిగా చెదరి, అడుగున నెవరో సమ్మెటలతో మోదుచున్నట్లు వినవచ్చును. ప్రయాణికునకు అది సామాను సర్దుకొనుటకు గుర్తు. ఇంజనీరునకు మాత్రము అది వేఱొక సంగతి చెప్పును. ఒక దారినుండి మఱియొక దారి చీలుచోట, లోపలి పట్టాలు రెండును ఒకదానినొకటి దాటవలసియుండును. చక్రమునకు లోపలి వైపున క్రిందికి దిగియుండు అంచు అడ్డుపట్టాను దాటి పోవుటకు అచ్చట కొంత సందు విడువక తప్పదు. చక్రము ఆ సందును దాటి, అవతలనున్న సన్నని ఉక్కుమొనపై పడవలెను. ఈ కూర్పును క్రాసింగు అనియు, ఆ మొనను క్రాసింగు ముక్కు అనియు రైల్వేవారు వ్యవహరింతురు. టన్నులకొలది బరువుగల ఇరుసులు రాత్రింబవళ్లు వచ్చి పడునది ఆ ముక్కుమీదనే. అది చితికినను, పగిలినను, బండి పట్టా తప్పుటకు ఎంతో సేపు పట్టదు.

పందొమ్మిదవ శతాబ్దమున క్రాసింగులను మామూలు పట్టాలనే కోసి, చెక్కి, బోల్టులతో బిగించి కూర్చెడివారు. దెబ్బలకు బోల్టులు వదులగును. వదులైనకొలది దెబ్బ హెచ్చును. ఇంగ్లండులోని డార్బీ స్టేషనువద్ద ఇనుప పట్టాలు ఆఱేసి నెలలకే పనికిరాకుండ పోవుచుండగా, 1857లో రాబర్టు మషెట్ ఉక్కుతో చేసిన పట్టాను అచ్చట పరచి చూచిరి. అది పదునాఱేండ్లు నిలిచెను. ఆ పిదప లోకమంతటను ఉక్కుపట్టాలు వచ్చెను గాని, వాటితోపాటు బండ్ల బరువును, వేగమును కూడ పెరిగెను. క్రాసింగు ముక్కుకు మాత్రము సుఖము లేకపోయెను. గట్టి ఉక్కు పెట్టినచో పగులును. మెత్తని ఉక్కు పెట్టినచో చితుకును. గట్టిదనమును, పగులని గుణమును ఒక్కచోట నుండవని ఉక్కు తెలిసినవారందఱును నమ్మియుండిరి. ఆ నమ్మకమును తలక్రిందులు చేసినవాడు రాబర్టు ఆబట్ హాడ్‌ఫీల్డు.

ఆతడు 1858 నవంబరు 28వ తేదీన షెఫీల్డు నగరమందలి ఆటర్‌క్లిఫ్‌లో జన్మించెను. కత్తులకును, కత్తెరలకును శతాబ్దముల నుండి పేరుపడిన ఊరది. తండ్రి పేరును రాబర్టే. ఆయన 1872లో ఉక్కును అచ్చులలో పోసి వస్తువులు చేయు కర్మాగారమును స్థాపించెను. కుమారుడు ఊరిలోని కాలేజియేట్ పాఠశాలలో చదివిన పిమ్మట విశ్వవిద్యాలయమునకు పోక, వేఱొక ఉక్కు కర్మాగారమున కొలదికాలము పని నేర్చి, తండ్రి కొలిమి చెంతకే వచ్చెను. పట్టము లేని ఆ లోటును పుస్తకపఠనముచేతను, అంతకు మించి ప్రయోగములను దినదినము వ్రాసియుంచు అలవాటుచేతను ఆతడు పూరించుకొనెను. ఈ అలవాటే పిమ్మట ఆతనిని కాపాడినది.

ఆ కాలమున ట్రాముబండ్ల చక్రములకు తగిన గట్టి ఉక్కు కావలసియుండెను. సాన పట్టుటకు పనికివచ్చు కఠినమైన లోహముకొఱకు కూడ ఆ యువకుడు వెదకుచుండెను. ఫ్రాన్సులోని టెర్‌న్వార్ కంపెనీవారు మాంగనీసు ఎక్కువగా గల ఇనుమును గూర్చి ప్రకటించిన విషయములు ఆతని దృష్టి నాకర్షించెను. మాంగనీసు ఉక్కునకు కొత్త కాదు. కొంచెము కలిపినచో ఉక్కులోని దోషములు పోవునని అందఱకు తెలియును. అయితే నూటికి రెండున్నర పాళ్లు దాటినకొలది ఉక్కు పెళుసుబారును. నాలుగైదు పాళ్లకు వచ్చుసరికి చేతిసుత్తె దెబ్బకే పొడియగును. తెలివిగలవాడెవడైనను అచ్చట ఆగవలసినదే. చాలమంది ఆగిరి కూడ.

హాడ్‌ఫీల్డు ఆగలేదు. పాళ్లు పెంచుచునే పోయెను. పెళుసుదనము మఱింత పెరుగవలసినది పోయి, ఒక హద్దు దాటగనే తగ్గసాగెను. 1882 సెప్టెంబరులో, ఇంకను ఇరువదినాలుగేండ్లు నిండకముందే, నూటికి 12, 13 పాళ్లు మాంగనీసు గల ఉక్కు ఆతని మూసలో సిద్ధమయ్యెను. దాని నడత వింతగా నుండెను. సాధారణముగా గట్టి ఉక్కును ఎఱ్ఱగ కాల్చి నీటిలో ముంచినచో గాజువలె పెళుసగును. ఈ ఉక్కును సుమారు వేయి సెంటిగ్రేడు డిగ్రీల వేడిమికి కాల్చి నీట ముంచినచో మెత్తబడి, వంచినను విఱుగకుండెను. ఇనుమే అధికముగా నున్నను అయస్కాంతము దానిని లాగలేదు. ఆకురాయితో పరీక్షించినచో మెత్తగనే తోచును. యంత్రముతో చెక్కబోయినచో పనిముట్టు మొన క్రిందనే గట్టిపడి పనిముట్టునే మొద్దు చేయును. ఎంత మోదిన నంత గట్టిపడుటయే దాని స్వభావము. అదియు పైపొర మాత్రమే; లోపలి భాగము మెత్తగా, సాగుడు గుణముతో నుండును. లెక్కలు కోరు విద్యార్థులకు: బ్రినెల్ కొలమానమున మొదట 200 దాపున నుండు కాఠిన్యము, దెబ్బలు తిన్నపిదప 500 వఱకు పోగలదు.

లెక్క తప్పినదని మూసను ప్రక్కకు త్రోయుట సులభము. ఇన్ని విపరీతములు ఒక్క ముక్కలో కనబడినప్పుడు తన కొలతలనే శంకించుకొనుట కూడ సహజము. కాని ప్రతి పోతయొక్క పాళ్లును పుస్తకమున వ్రాసియుండుటచేత, ఆతడు దానిని మరల మరల చేసి చూడగలిగెను. 1883లో పేటెంటు పొందెను. 1888లో తండ్రి మరణింపగా కర్మాగార భారమంతయు ఆతనిపై బడెను. ఆ యేటనే లండనులోని సివిల్ ఇంజనీర్ల సంస్థ యెదుట తన పరిశోధనలను విపులముగా వివరించెను.

కీర్తి వచ్చినది గాని, బేరము రాలేదు. చెక్కుటకు లొంగని ఉక్కుతో నేమి చేయవచ్చును? కావలసిన ఆకారమునకే అచ్చుపోసి, అంచులు సానపట్టుట తప్ప వేఱు దారి లేదు. కాబట్టి కనుగొనుటకును, వాడుకలోనికి వచ్చుటకును నడుమ పదేండ్లకు పైగా గడచెను. అమెరికాలో న్యూజెర్సీయందలి హైబ్రిడ్జి ఊరి కర్మాగారమువారు అనుమతి పొంది ఈ ఉక్కును పోయసాగిరి. ఫిలడెల్ఫియాకు చెందిన వార్టన్ కంపెనీవారు పట్టాల క్రాసింగులకు దీనిని వాడవచ్చునని గ్రహించిరి. 1894లో బ్రూక్లిన్ వీధిరైలు దారిలో మాంగనీసు ఉక్కు క్రాసింగు మొదటిసారిగా పడినది. ఆ యేడే హాడ్‌ఫీల్డు ఫిలడెల్ఫియాకు చెందిన ఫ్రాన్సెస్ విక్కర్‌షామ్‌ను వివాహమాడెను. ఆ ఊరు ఆతనికి రెండువిధముల కలిసివచ్చినదనవలెను.

ఇచ్చట ఉక్కు గుణమును, క్రాసింగు అవసరమును ఒకదానికొకటి చక్కగా అమరెను. ముక్కుమీద పడు ప్రతి చక్రమును దానిని చెఱచుటకు మాఱుగా గట్టిపఱచును. పైన గట్టిపొర, క్రింద పగులని మెత్తని లోహము. కావున పగులు పుట్టినను అది చటుక్కున ప్రాకి ముక్క విఱుగుట అరుదు. క్రాసింగునంతను ఒక్క పోతగా పోయుటచేత వదులగుటకు బోల్టులు తక్కువ. బోస్టను నగరమున మిక్కిలి ఇఱుకైన యొక మలుపులో మామూలు ఉక్కుపట్టాలు నెలన్నరకే అరిగిపోవుచుండెడివి. 1902లో మాంగనీసు ఉక్కు పట్టాలు వేయగా అవి ఏండ్ల తరబడి నిలిచెను.

ఈ ఉక్కు అన్నిట మేలని తలచుట పొరపాటు. ఇసుకవంటివి దెబ్బ లేకుండ రాపాడుచోట ఇది మామూలు ఉక్కువలెనే అరుగును. దీని బలము బయటపడుటకు దెబ్బ కావలెను. రాళ్లు నలుగగొట్టు యంత్రముల దవడలకును, త్రవ్వుడు యంత్రముల తొట్లకును ఇది పనికివచ్చుట ఆ కారణముచేతనే.

1892లో విజయనగరం ప్రాంతమున మాంగనీసు త్రవ్వకము ప్రారంభమయ్యెను. భారతదేశమున ఆ ఖనిజపు త్రవ్వకము మొదలైనది అచ్చటనే. అది ఓడలమీద విదేశములకు పోవుచుండగా, ఆ లోహముతో నేమి చేయవచ్చునో ఎక్కడో షెఫీల్డులో తేలుచుండెను. తెలుగునేలకును ఈ కథకును గల చుట్టరికము అంతతో ముగియలేదు. దానిని ముందు చెప్పవలసియున్నది.

హాడ్‌ఫీల్డు యజమానిగా కూడ గమనింపదగినవాడు. 1890ల దశాబ్దముననే తన కార్మికులకు దినమునకు ఎనిమిది గంటల పని విధానమును ప్రవేశపెట్టెను. సిలికాను కలిపిన ఉక్కును గూర్చి ఆతడు చేసిన పరిశోధనలు విద్యుత్ ట్రాన్స్‌ఫార్మర్లలో వృథాయగు శక్తిని బహుళముగా తగ్గించెను. 1908లో సర్ బిరుదమును, 1909లో రాయల్ సొసైటీ సభ్యత్వమును, 1917లో బారొనెట్ పదవియు లభించెను. ఈ గౌరవముల పట్టిక పొడవైనది. దానిని విడిచి మొదటి ప్రపంచయుద్ధమునకు వచ్చుట మేలు. 1915లో బ్రిటిషు సైనికుల ఉక్కు టోపీలు ఆతని మాంగనీసు ఉక్కుతోనే తయారయ్యెను. తలకు తగులు ముక్కల దెబ్బను ఆపుటకు పలుచని రేకుగా సాగియు, పగులని లోహము అదియే. ఆతని భార్య ఫ్రాన్సు తీరమున వీమరూలో గాయపడినవారికి ఆసుపత్రి నడపెను. అదే సమయమున ఆతని కర్మాగారములలో యుద్ధనౌకల కవచములను చీల్చు గుండ్లు వేలకొలదిగా తయారగుచుండెను. తల కాచు లోహమును, తల తీయు లోహమును ఒకే కప్పు క్రింద పోయించిన మనిషి ఆతడు. ఆ రెండింటిలో నొక దానినే చెప్పి రెండవది దాచు జీవితచరిత్ర నిజమైనది కాదు.

ప్రాచీనుల లోహవిద్యయం దాతనికి గాఢమైన ఆసక్తి యుండెను. 1912లో సింహళమునందలి పురాతన ఇనుప, ఉక్కు వస్తువులను పరీక్షించి ప్రకటించెను. ఢిల్లీ ఇనుపస్తంభమునుండి తీసిన ముక్కను విశ్లేషించి, అందు నూటికి 99.72 పాళ్లు ఇనుమే గలదని చూపెను. లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మైకేల్ ఫారడే ఉక్కునమూనాల పెట్టె యొకటి నూఱేండ్లుగా పడియుండెను. అందు 79 ముక్కలుండెను. వాటిని హాడ్‌ఫీల్డు సూక్ష్మముగా పరీక్షించి 1931లో గ్రంథము వెలువరించెను. ఆ ఫారడే ఉక్కుపై పరిశోధన మొదలిడుటకు ప్రేరణ యేది? భారతదేశమునుండి వచ్చిన వూట్జు ఉక్కు. నిజామాబాదు ప్రాంతమున కోనసముద్రము మొదలగుచోట్ల మూసలలో కరగించి చేసిన ఆ ఉక్కునకు ఐరోపావారు పెట్టిన పేరు, తెలుగు కన్నడములలోని ఉక్కు అను మాటనుండియే వచ్చినదని పండితుల అభిప్రాయము. కోనసముద్రపు కమ్మరులలో నెవరి పేరును గ్రంథములకెక్కలేదు. షెఫీల్డులో మాత్రము పుస్తకమున వ్రాసియుంచిరి.

హాడ్‌ఫీల్డు 1940 సెప్టెంబరు 30వ తేదీన మరణించెను. సంతానము లేదు.

నేడు భారతీయ రైల్వేలలోను మాంగనీసు పోతఉక్కు క్రాసింగులు విరివిగా కలవు. ఈ ఉక్కు ఇంజనీర్లకు కొత్త చిక్కులను కూడ తెచ్చిపెట్టినది. కొత్త క్రాసింగు వేసిన తొలిదినములలో, పైపొర ఇంకను గట్టిపడకముందే, లోహము అంచులకు ఒత్తుకొనివచ్చును. దానిని సకాలమున సానపట్టి తీయనిచో అచ్చటనే పగుళ్లు పుట్టును. ఈ తొలి అరుగుదలను తప్పించుటకు, ప్రేలుడు పదార్థముతో పైభాగమును ముందే గట్టిపఱచు పద్ధతి 1950ల నుండి కొన్ని దేశములలో వచ్చినది. మామూలు పట్టాకును దీనికిని నేరుగా అతుకు వేయుట కష్టము. నడుమ వేఱొక రకపు ఉక్కు ముక్క నుంచి అతుకవలసివచ్చినది. అన్నిటికంటె పెద్ద చిక్కు మఱొకటి గలదు. పట్టాలలోని లోపములను కనిపెట్టు అల్ట్రాసోనిక్ తరంగములు ఈ ఉక్కు ముతక రేణువులలో చెదరిపోవును. కావున లోపలి పగులు యంత్రమునకు చక్కగా అందదు. రంగుద్రవము పూసి, తుడిచి, పైకి తేలిన సన్నని గీతను కంటితో వెదకవలసినదే. ఆ కన్ను ఏమరినచో హాడ్‌ఫీల్డు ఉక్కు ఒక్కటియే బండిని కాపాడలేదు.

షెఫీల్డులో హాడ్‌ఫీల్డుల ఈస్ట్ హెక్లా కర్మాగారము 1983లో మూతపడెను. ఆ చోట 1990లో మెడోహాల్ అను పెద్ద బజారు వెలసెను. 1994లో ఆ బజారు వాకిటివఱకు ట్రాము పట్టాలు పరచిరి.