జెండాను కాచిన నేతబిడ్డ – తిరుప్పూరు కుమరన్

కొంగునాట అవినాశి నుండి తిరుప్పూరుకు సుమారు 14 కిలోమీటర్లు. ఇది పత్తి పండే నేల. నల్లరేగడిలో ఉప్పం, కరుంగణ్ణి అనే నాటు పత్తులను వర్షాధారంగా పండించేవారు. ఇరవయ్యవ శతాబ్దపు తొలి సంవత్సరాలలో వచ్చిన కంబోడియా పత్తి బావుల క్రింది భూములలో స్థిరపడింది. పత్తి ఉన్నచోటికి నేత తానై వచ్చింది. తమిళ సెంగుందర్లు, తెలుగు కన్నడాలు ఇంటి భాషలుగా గల దేవాంగులు ఈ సీమలో తరతరాలుగా మగ్గాన్ని నమ్ముకొని బ్రతికారు. ఈ నేల కన్న నేతబిడ్డలలో చిరస్మరణీయుడు తిరుప్పూరు కుమరన్.

కుమరన్ 1904 అక్టోబరు 4వ తేదీన చెన్నిమలైలో జన్మించారు. నేడు ఈరోడు జిల్లాలో ఉన్న ఆ ఊరు అప్పట్లో కోయంబత్తూరు జిల్లాలోనిది. కొండమీద సుబ్రహ్మణ్యస్వామి, కొండ క్రింద మగ్గాల చప్పుడు – అదే ఆ ఊరి గుర్తింపు. తండ్రి నాచిముత్తు మొదలియారు, తల్లి కరుప్పాయి. నేతపని ఒకరి చేతిలో ముగిసేది కాదు. తెల్లవారకముందే వీధిలో పడుగు సాచి గంజి పట్టించాలి. స్త్రీలు, పిల్లలు కండెలు చుట్టాలి. మగవారు గుంటమగ్గంలో కాళ్ళు దించి ప్రొద్దు వాలేదాకా నాడె విసరాలి. ఇంటిల్లిపాదీ శ్రమించినా పూట గడవడం కష్టమైన ఆ ఇంటిలో కుమరన్ చదువు అయిదవ తరగతితో ఆగిపోయింది. బాలుడు మగ్గంలో కూర్చున్నాడు.

అప్పటికి నేత కుటుంబాల దుస్థితికి మూలం లోతైనది. పూర్వం ఊరి పత్తిని ఊరి స్త్రీలే ఏకులు చేసి రాట్నంపై వడికేవారు. ఆ నూలునే ఊరి సాలెలు నేసేవారు. నీలిమందు, చిరివేరు, కరక్కాయ, పటికలతో రంగులు అద్దేవారు. ఇంగ్లండు మిల్లు నూలు, ఆపై రసాయనిక రంగులు రావడంతో ఈ గొలుసు తెగింది. రాట్నం అటక ఎక్కింది. మగ్గం మిగిలినా దాని పడుగు, పేకలు అంగడి ధరకు బానిసలయ్యాయి. నూలు ధర పెరిగితే నష్టం నేతగానిది, బట్ట ధర తగ్గినా నష్టం నేతగానిదే.

కుమరన్ 19 ఏళ్ళకు రామాయిని వివాహమాడారు. మగ్గం సంసారాన్ని మోయలేకపోయింది. ఆయన తిరుప్పూరు చేరి పత్తి మిల్లులో లెక్కలు వ్రాసే చిన్న కొలువులో కుదిరారు. నేతబిడ్డ మిల్లు గుమాస్తా కావడం ఆనాటి ఎన్నో ఇళ్ళ కథ.

అయితే ఆ తిరుప్పూరే అప్పుడు ఖద్దరుకు దక్షిణాదిలో పెద్ద కేంద్రంగా రూపొందుతున్నది. గాంధీజీ 1925లో స్థాపించిన అఖిల భారత చరఖా సంఘానికి తమిళనాడు శాఖ ఇక్కడే నడిచింది. చుట్టుప్రక్కల గ్రామాల స్త్రీలు వడికిన నూలు ఇక్కడికి చేరేది. చేనూలు నేయడం సులభం కాదు. పోగు సన్నము, దొడ్డుగా ఉండేది, మాటిమాటికీ తెగేది. అయినా తెగిన గొలుసును మరల అతికే మార్గం అదేనని నమ్మినవారు వెనుకంజ వేయలేదు. కుమరన్ ఖద్దరు ధరించి, దేశబంధు యువజన సంఘాన్ని ఏర్పరచి, యువకులను స్వాతంత్ర్యోద్యమంలోకి నడిపించారు.

1932 జనవరి 4వ తేదీన గాంధీజీని ప్రభుత్వం నిర్బంధించింది. కాంగ్రెసుపై నిషేధం పడింది. జెండా పట్టడమే నేరమైంది. దీనికి నిరసనగా జనవరి 10వ తేదీన తిరుప్పూరులో పి.ఎస్. సుందరం నాయకత్వాన యువకులు ఊరేగింపుగా బయలుదేరారు. కుమరన్ చేత జెండా ఉంది. పోలీసులు లాఠీలతో విరుచుకుపడ్డారు. తలపై దెబ్బలు తగిలి కుమరన్ నేలకొరిగారు. స్పృహ తప్పినా చేతిలోని జెండాను వదలలేదు. మరునాడు, జనవరి 11వ తేదీన, ఆసుపత్రిలో ప్రాణం విడిచారు. అప్పటికి ఆయన వయస్సు 27 సంవత్సరాలు. నాటి నుండి తమిళులు ఆయనను కొడికాత్త కుమరన్ అని, అనగా జెండాను కాచిన కుమరన్ అని, పిలుచుకొంటున్నారు.

ఆ జెండాకూ తెలుగువారికీ విడదీయరాని బంధముంది. 1921లో బెజవాడలో జరిగిన కాంగ్రెసు సమావేశంలో గాంధీజీకి జెండా నమూనాను అందించినవారు పింగళి వెంకయ్య. కంబోడియా పత్తిపై చేసిన కృషికి ఆయనకు పత్తి వెంకయ్య అన్న పేరు వచ్చింది. 1931లో కాంగ్రెసు కాషాయం, తెలుపు, ఆకుపచ్చ వర్ణాలతో జెండాను స్థిరపరచింది. దాని నడుమ రాట్నం నిలిచింది. పత్తిని పరిశోధించిన తెలుగువాడు రూపకల్పనకు నాంది పలికిన జెండా కోసం, పత్తిసీమలోని తమిళ నేతబిడ్డ ప్రాణమిచ్చాడు. రెండు భాషల మధ్య బ్రతికే కుటుంబాలకు ఇంతకన్న చక్కని బంధుత్వం మరేముంటుంది?

2004 అక్టోబరులో కుమరన్ శతజయంతి సందర్భంగా భారత తపాలాశాఖ ఆయన స్మారకంగా బిళ్ళను విడుదల చేసింది. తిరుప్పూరులో ప్రధాన వీధి ఆయన పేరుతోనే ఉంది. ఆ ఊరు ఇప్పుడు అల్లిక దుస్తులను దేశదేశాలకు పంపుతున్నది. 2021 డిసెంబరులో ప్రభుత్వం పతాక నియమావళిని సవరించి, యంత్రంపై తయారైన పాలిస్టరు జెండాకూ అనుమతి ఇచ్చింది. కుమరన్ పట్టిన జెండా నడుమ మాత్రం రాట్నమే ఉంది. వడికిన చేతిని, నేసిన చేతిని గౌరవించాలని చెప్పిన గుర్తు అది. ఆ గౌరవాన్ని మగ్గం పట్టిన ఇంటికి దక్కించినప్పుడే ఆయన త్యాగానికి మనం తగినవారమవుతాము.