మెదడు గదులను శోధించిన ఇబ్నె సీనా

హైదరాబాదులో చార్మినార్ దగ్గరి యూనానీ దవాఖానాకు వెళ్లినవారికి, ఊళ్లో హకీం సాహెబుల మాటలు విన్నవారికి ఇబ్నె సీనా పేరు కొత్త కాదు. ఆయనకు షేఖుర్రయీస్ అని బిరుదు. పాశ్చాత్యులు అవిసెన్నా అంటారు. ఆయన చెప్పిన మందుల గురించి మనం తరచు వింటూనే ఉంటాం. మనిషి మెదడు గురించి ఆయన ఏం చెప్పారో, అందులో ఏది నిలిచిందో, ఏది నిలవలేదో మాత్రం చాలామందికి తెలియదు. ఈ వారం ఆ సంగతి తెలుసుకుందాం.

ఇబ్నె సీనా హిజ్రీ 370లో, అంటే క్రీ.శ. 980లో, బుఖారా సమీపంలోని అఫ్షనా గ్రామంలో జన్మించారు. ఆ ప్రాంతం నేడు ఉజ్బెకిస్తాన్‌లో ఉంది. తండ్రి అబ్దుల్లాహ్ సామానీ రాజుల కొలువులో ఉద్యోగి. పదేళ్లు వచ్చేసరికే ఇబ్నె సీనా ఖుర్ఆన్ నేర్చుకున్నారు. పదహారేళ్ల ప్రాయంలోనే పేరున్న వైద్యులు ఆయన దగ్గర పాఠాలు చదివేవారు. అరిస్టాటిల్ తత్వగ్రంథం ఒకటి నలభైసార్లు చదివినా బోధపడలేదని, బజారులో మూడు దిర్హములకు కొన్న ఫారాబీ పుస్తకం చదివాకే దాని చిక్కుముడి వీడిందని తన జీవితకథలో తానే చెప్పుకున్నారు. ఆ సంతోషంలో మరునాడు పేదలకు దానధర్మాలు చేశారు. బుఖారా పాలకుడు నూహ్ బిన్ మన్సూర్ జబ్బుపడినప్పుడు ఈ యువకుడికీ కబురు వచ్చింది. వైద్యసేవకు ప్రతిఫలంగా ఆయన కోరుకున్నది రాజుగారి గ్రంథాలయంలో చదువుకునే అనుమతి.

తండ్రి మరణించాక ఆయన జీవితం ప్రయాణాలతోనే గడిచింది. గుర్గాంజ్, జుర్జాన్, రయ్, హమదాన్, ఇస్ఫహాన్ - ఎక్కడా స్థిరంగా ఉండనివ్వని రోజులవి. హమదాన్‌లో మంత్రి పదవి దక్కింది. సైనికుల తిరుగుబాటు వల్ల దాక్కోవలసీ వచ్చింది. తర్వాత ఒక కోటలో నాలుగు నెలలు ఖైదులో ఉన్నారు. పగలు రాచకార్యాలు, రాత్రి శిష్యులకు పాఠాలు, రచన. అయిదు భాగాల అల్ ఖానూన్ ఫిత్తిబ్ అనే మహాగ్రంథం ఇలాంటి పరిస్థితుల్లోనే పూర్తయింది. పన్నెండో శతాబ్దంలో అది లాటిన్‌లోకి వెళ్లి, యూరప్ విశ్వవిద్యాలయాలలో కొన్ని వందల ఏళ్లు పాఠ్యగ్రంథంగా నిలిచింది.

మనోవ్యాకులత అనే జబ్బు గురించి ఖానూన్‌లో ఆయన రాసిన తీరు గమనించదగ్గది. దానికి జిన్నులే కారణమని అనేవారు ఆ కాలంలోనూ ఉన్నారు. ఇబ్నె సీనా ఆ వాదనలోకి దిగలేదు. మూలకారణం ఏదైనా సరే, శరీరంలో వచ్చిన మార్పు ఏమిటో చూసి చికిత్స చేయడమే వైద్యుని పని అని తేల్చారు.

మెదడు విషయంలోనూ ఇదే పద్ధతి. మెదడు లోపల ద్రవంతో నిండిన గదులు ఉంటాయి. గ్రీకు వైద్యుల కాలం నుంచి వచ్చిన విద్యను ఆయన మరింత వివరంగా తీర్చి, ఒక్కొక్క గదికి ఒక్కొక్క శక్తిని కేటాయించారు. ముందు గదిలో కన్ను, చెవి, ముక్కు తెచ్చిన సమాచారమంతా ఒకచోట చేరి, రూపంగా నిలుస్తుంది. నడిమి గదిలో ఊహ, ఆలోచన, మంచిచెడుల పసిగట్టు ఉంటాయి. తోడేలును చూడగానే గొర్రె పారిపోయేది ఈ పసిగట్టే శక్తి వల్లేనని ఆయన ఉదాహరణ. వెనుక గదిలో జ్ఞాపకం ఉంటుంది. ఇది ఎలా తెలుస్తుంది? మెదడులో ఒకచోట దెబ్బ తగిలితే ఒక శక్తి పోతుంది, మిగిలినవి ఉంటాయి. ఏది పోయిందో చూస్తే ఆ చోటు పని ఏమిటో తెలుస్తుంది. ఆనాటి వైద్యులు చూపిన ఆధారం ఇదే.

ఇక్కడ మనం నిజం ఒప్పుకోవాలి. ఇబ్నె సీనా చెప్పిన చోట్లు సరైనవి కావు. ఆ గదుల్లో ఉన్నది మెదడును కాపాడే నీటివంటి ద్రవం మాత్రమే. ఆలోచనకు ఆధారం గదుల చుట్టూ ఉన్న కండ, ముఖ్యంగా పెద్దమెదడును కప్పిన ముడతల పొర. దాన్ని కార్టెక్స్ అంటారు. దాని మందం రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్లు. నుదుటి వెనుక భాగం నిర్ణయాలకు, అవయవాల కదలికకు. నడినెత్తి కింది భాగం స్పర్శకు. కణతల దగ్గరిది వినికిడికి, జ్ఞాపకానికి. తల వెనుక భాగం చూపుకు ముఖ్యం. జ్ఞాపకం వెనుక గదిలో లేదు, చూపు ముందు గదిలో లేదు.

అయితే ఆ పద్ధతి మాత్రం నిలిచింది. 1861లో పారిస్ వైద్యుడు పాల్ బ్రోకా దగ్గరకు ఒక రోగి వచ్చాడు. ఇతరుల మాటలు అర్థమయ్యేవి గానీ, తాను మాత్రం ఒకే ఒక్క శబ్దం పలకగలిగేవాడు. అతను చనిపోయాక బ్రోకా మెదడును పరీక్షిస్తే, ఎడమవైపు నుదుటి భాగంలో ఒకచోట దెబ్బతిని ఉంది. మాట పలకడానికి చోటు అదేనని తేలింది. ఏది పోయింది, ఎక్కడ దెబ్బతింది అన్న పాత ప్రశ్నే కొత్త జవాబు ఇచ్చింది.

పెద్దల మాటను సరిదిద్దడం వారిని అవమానించడం కాదు. రక్తప్రసరణ గురించి ఖానూన్‌లో ఉన్న పొరపాటును పదమూడో శతాబ్దంలో ఇబ్నున్నఫీస్ సరిదిద్దారు. ఆ గ్రంథానికే వ్యాఖ్యానం రాస్తూ, అదే గౌరవంతో ఆ పని చేశారు.

ఇబ్నె సీనా హిజ్రీ 428, రమజాన్ నెలలో, 1037లో హమదాన్‌లో కన్నుమూశారు. చివరి రోజుల్లో తన సొత్తు పేదలకు పంచి, బానిసలను విడిపించి, ఖుర్ఆన్ పారాయణంలో గడిపారని చెబుతారు. ఆయన సమాధి అక్కడే ఉంది.

మన ఇళ్లలో పెద్దవారికి ఒక్కసారిగా మాట పడిపోయి, కుడి చెయ్యి, కాలు చచ్చుబడితే గాలి సోకిందని, నీడ పడిందని కంగారుపడి తాయెత్తుల కోసం తిరిగేవారు ఇప్పటికీ ఉన్నారు. ఎడమ మెదడే కుడివైపు అవయవాలను నడుపుతుంది. చాలామందిలో మాటకు చోటూ అక్కడే. అందుకే ఆ రెండూ ఒకేసారి పోతాయి. రక్తం గడ్డకట్టి ఉంటే దాన్ని కరిగించే మందు మొదటి నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలి. దుఆ చేద్దాం, ముందు 108కి ఫోన్ చేద్దాం. ఇబ్నె సీనా పేరు చెప్పుకునే మనం, రోగం ఎక్కడుందో వెతికిన ఆయన బుద్ధిని కూడా వారసత్వంగా తీసుకుందాం.