గోనెసంచి మీద కూర్చున్న పిల్లవాడు

డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ గారు మన రాజ్యాంగ రచనా సంఘానికి అధ్యక్షులని మనందరికీ తెలుసు. కాని చిన్నప్పుడు బడిలో ఆయన ఎంత బాధ పడ్డారో చాలామందికి తెల్వదు. అందుకే ఈసారి అది రాస్తున్నాను.

ఆయన 1891 ఏప్రిల్ 14న మౌ అనే ఊరిలో పుట్టారు. తండ్రి రాంజీ సక్పాల్ మిలిట్రీలో సుబేదారు. తల్లి భీమాబాయి. చిన్నతనంలోనే అమ్మ చనిపోతే మేనత్త మీరాబాయి సాకింది.

వాళ్ళు మహర్ కులంవాళ్ళు. అంటరానివాళ్ళని సతారా బడిలో ఆయనను అందరితో కూర్చోనియ్యలేదు. ఇంటి నుండి గోనెసంచి పట్టుకపోయి, ఒక మూలకు వేసుకొని కూర్చునేవారు. బడి ఊడ్చే మనిషి కూడా ఆ సంచి ముట్టుకోడు. అందుకని సాయంత్రం మళ్ళీ ఇంటికి తెచ్చుకునేవారు. దూప అయితే నల్లా ముట్టుకోరాదు, ప్యూను తిప్పాలి. ప్యూను లేకుంటే నీళ్ళు లేవు. మంగలి జుట్టు కత్తిరించడు. అక్కనే ఇంట్లో కత్తిరించేది.

తర్వాత బొంబాయిలో ఎల్ఫిన్‌స్టన్ హైస్కూలులో చేరారు. ఒకరోజు సారు బోర్డు దగ్గరికి పిలిస్తే, పిల్లలందరూ ఉరికి బోర్డు వెనక ఉన్న తమ టిఫిన్ డబ్బాలు తీసేశారు. మైల పడతాయని!

అయినా సాయం చేసినవాళ్ళు ఉన్నారు. సతారాలో ఒక సారు తన డబ్బాలోని రొట్టె, కూర రోజూ ఆయనకు పెట్టేవారు. ఆ సారు ఇంటిపేరు అంబేద్కర్. ఆ పేరే ఈయనకు వచ్చిందని చెప్తారు. 1907లో మెట్రిక్ పాసయితే కేలూస్కర్ అనే సారు బుద్ధుని చరిత్ర పుస్తకం ఇచ్చారు. బరోడా మహారాజుతో మాట్లాడి నెలకు 25 రూపాయల స్కాలర్‌షిప్ ఇప్పించారు. దానితో 1912లో బి.ఏ. పాసయ్యారు. 1913లో అమెరికా పోయి చదువుకున్నారు.

నీళ్ళు దొరకని ఆ పిల్లవాడే 1927లో మహద్ చెరువుకు వేలమందిని తీసుకపోయి నీళ్ళు తాగించారు. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. ఆయన 1956 డిసెంబర్ 6న చనిపోయారు.

ఆ సారు ఒక్కడు బడి మొత్తాన్ని మార్చలేకపోయాడు. ఒక డబ్బా అన్నం పంచుకున్నాడు, అంతే. మన హాస్టల్‌కు కొత్తగా వచ్చిన 5వ తరగతి పిల్లలు తెలుగు సరిగ్గ రాక ఇంటి భాష మాట్లాడతారు. కొందరు నవ్వుతారు, పేర్లు పెడతారు. వాళ్ళు ఏడ్చి ఇంటికి పోతే కొందరు మళ్ళీ రారు. వాళ్ళ చదువు అక్కడితో ఆగిపోతుంది. అందుకే అక్కలారా, చెల్లెలారా, భోజనం గంట కొట్టినప్పుడు ఒక్కతే కూర్చున్న పిల్ల పక్కన మన పళ్ళెం పెట్టుకుందాం. ఏడిపించేవాళ్ళను ఆపుదాం. ఆపినా వినకుంటే వార్డెన్ మేడంకు చెప్దాం. చెప్పడం చాడీ కాదు.

— 9వ తరగతి విద్యార్థిని