అన్నము పెట్టిన ఆలయము

హైదరాబాదు నగరమునకు సుమారు నూరు కిలోమీటర్ల దూరమున మెదకు పట్టణము కలదు. అచ్చట 175 అడుగుల ఎత్తైన గోపురముతో ఒక క్రైస్తవ దేవాలయము శోభిల్లుచున్నది. ప్రతి సంవత్సరము డిసెంబరు 25వ తేదిన వేలకొలది జనులు తెల్లవారక మునుపే అచ్చటికి చేరుకొందురు. ఆ ఆలయమును కట్టించిన మహనీయుడు చార్లెస్ వాకర్ పాస్నెట్.

పాస్నెట్ 1870వ సంవత్సరమున జన్మించెను. వెస్లియను మెథడిస్టు సంఘమునకు చెందిన మతబోధకుడై 1895లో సికిందరాబాదు చేరెను. తిరుమలగిరి దండులోని ఆంగ్ల సైనికులకు బోధ చేయుట ఆయనకు అప్పగించిన పని. కాని ఆయన మనస్సు దండులో నిలువలేదు. నగరమునకు దూరముగా నున్న పల్లెలలోని పేదల బ్రతుకులు ఆయన నాకర్షించెను. మరుసటి సంవత్సరమే ఆయన మెదకు చేరెను.

ఆ కాలమున ఆ సీమ నిజాము ప్రభువు ఏలుబడిలో నుండెను. అస్పృశ్యత పేరిట ఊరి వెలుపలికి నెట్టబడిన మాల మాదిగల దుస్థితి వర్ణనాతీతము. వారికి చదువు లేదు, వైద్యము లేదు, పదిమందిలో కూర్చుండు హక్కును లేదు. పాస్నెట్ వారి గూడెములకు పోయెను. వారి మాటలు వినెను. ఆయన సోదరి ఎమిలీ పాస్నెట్, ఆమె స్నేహితురాలు సారా హారిస్ స్త్రీల వైద్యమునకును విద్యకును ఎంతయో పాటుపడిరి. క్రమముగా పల్లెలనుండి అనేకులు ఆ సంఘమున చేరిరి. వారందరును కూడి ప్రార్థించుటకు తగిన మందిరము మాత్రము మెదకులో లేకుండెను. ఆ కొరత తీర్చవలెనని పాస్నెట్ సంకల్పించెను.

1914లో పని ఆరంభమయ్యెను. ఆ యేడే మొదటి ప్రపంచయుద్ధము వచ్చిపడెను. ధాన్యపు ధరలు పెరిగెను. 1918లో దేశమున పలుచోట్ల వానలు తప్పెను. అదే సమయమున ఇన్‌ఫ్లుయెంజా జ్వరము ప్రబలి లక్షలాది ప్రాణములను బలిగొనెను. చెరువులు ఎండిన చోట కూలి లేదు. కూలి లేని ఇంట కుండ పొయ్యి నెక్కదు. ఇట్టి కాలమున అంత పెద్ద గుడి కట్టనేల, ఆ సొమ్ముతో పేదలకు గంజి పోయరాదా యని ఎవరికైనను తోచును.

ఆ ప్రశ్నకు పాస్నెట్ తన పనియందే సమాధానము చూపెను. ఊరక పెట్టిన అన్నము ఆనాటి ఆకలిని తీర్చును. కాని నిత్యము చేయి చాచుట కష్టజీవికి మరణముతో సమానము. కావున ఆయన ఆలయ నిర్మాణమునే కరువుపనిగా మార్చెను. రాళ్ళు కొట్టువారు, మోయువారు, సున్నము నూరువారు, గోడలు పేర్చువారు, ఇట్లు ఎందరికో పని దొరకెను. ఆడువారును మగవారును పగలెల్ల పాటుపడి సాయంకాలమునకు తమ కష్టార్జితముతో ఇండ్లకు పోయి పిల్లలకు అన్నము పెట్టుకొనిరి. వారు తీసికొనినది భిక్ష కాదు, కూలి. ఆలయపు గోడ లేచినకొలది కూలివారి పొయ్యిలు రగులుకొనెను.

పదియేండ్ల శ్రమ ఫలించెను. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు గలిగి, ఒక్కసారి ఐదువేలమంది కూర్చుండదగిన ఆలయము సిద్ధమయ్యెను. దానిని ప్రతిష్ఠించుటకు 1924 డిసెంబరు 25వ తేదిని నిర్ణయించిరి. ఆ యెంపిక ఎంతయు ఉచితము. క్రైస్తవుల విశ్వాసము ప్రకారము క్రీస్తు పశువుల తొట్టియే పాన్పుగా, నిరుపేద వలె జన్మించెను. నిరుపేదల చెమటతో లేచిన మందిరమునకు ఆ జన్మదినము కంటె మంచి ముహూర్తము వేరొకటి కలదా?

పాస్నెట్ 1939 వరకు ఈ దేశమున సేవచేసి, వార్ధక్యమున స్వదేశమునకు మరలిపోయెను. 1950లో కన్నుమూసెను. ఆయన వెడలిన పిదప, 1947లో, క్రీస్తు జననమును చూపు రంగుటద్దముల కిటికీ నొకదానిని ఆ ఆలయమున అమర్చిరి. దీపములతో పనిలేకుండ, వెలుపలి సూర్యకాంతి సోకినప్పుడే ఆ చిత్రము లోపలివారికి వెలుగుచు కనబడును. 2024లో ఆ దేవాలయమునకు నూరేండ్లు నిండెను.

నేడు హైదరాబాదునందలి మాదాపురము, హైటెక్ సిటీ ప్రాంతములలో అద్దాల మేడలు ఆకాశము నంటుచున్నవి. క్రిస్మసు వచ్చిన అచ్చట కాగితపు నక్షత్రములు వ్రేలాడును. మిత్రులు ఒకరికొకరు కానుక లిచ్చుకొందురు. అది సంతోషకరమే. కాని ఆ మేడలకు ఇటుకలు మోసిన కూలివారు, వాటి నేలను నిత్యము తుడుచువారు, రాత్రులు వాకిట కావలి యుండువారు ఆ పండుగనాడు ఏమి తినిరో విచారించువా రెందరు? పాస్నెట్ జీవితము మనకు నేర్పునది ఇదియే. మిగిలినదానిని విసరివేయుట దానము కాదు. పుచ్చుకొనువాని తల వంగకుండ, వాని చేతికి పనియు, ఆ పనికి తగిన కూలియు, వాని మనసునకు గౌరవమును దక్కునట్లు చేయుటయే నిజమైన దానము. అట్టి దానము జరిగిన యింట ప్రతిదినమును పండుగయే.