రాళ్లలో కాలమును చదివిన రాబర్ట్ బ్రూస్ ఫూట్

మదనపల్లె, పుంగనూరు, కుప్పము సీమలు సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల ఎత్తున గల పీఠభూమిపై నున్నవి. ఆ దారులలో పోవువారికి ఇరుప్రక్కల బోడిగుట్టలు, ఒకదానిపై నొకటి నిలిచిన గుండ్రని బండలు, ఎఱ్ఱని చెలకలు కానవచ్చును. ఆ బండలను ఏ బలశాలియో పేర్చినట్లు తోచును. వానిని పేర్చినది ఎండ, వాన, గాలి, కాలము. దక్షిణభారతమున ఈ నిదానమైన పనిని కాలినడకను తిరిగి చదివినవారిలో అగ్రగణ్యుడు రాబర్ట్ బ్రూస్ ఫూట్. చరిత్ర పుస్తకములు ఈయనను భారతదేశ ప్రాక్చరిత్రకు పితామహునిగ పేర్కొనును. కాని ఆయన వృత్తి భూగర్భశాస్త్రము. రాతిని చదువ నేర్చినందువలననే ఆయనకు ప్రాచీన మానవుడు కనబడెను.

ఫూట్ 1834 సెప్టెంబరు 22వ తేదీన ఇంగ్లండులోని చెల్టెన్‌హామ్ పట్టణమున జన్మించెను. 1851లో స్థాపితమైన భారత భూగర్భ పరిశోధన శాఖయందు 1858 డిసెంబరులో ఉద్యోగిగ చేరి మద్రాసు రాజధానికి వచ్చెను. అప్పటికాయన వయస్సు 24 సంవత్సరములు. నాడు ఈ ప్రాంతమునకు సమగ్రమైన భూగర్భ పటము లేదు. సహచరుడైన విలియం కింగ్ కడప, కర్నూలు శిలాశ్రేణులను పరిశీలించి 1872లో గ్రంథము ప్రకటించెను. మరుసటి యేట ఫూట్ పాలారునకు ఉత్తరమున గల మద్రాసు, ఉత్తర ఆర్కాటు భాగముల భూనిర్మాణమును గూర్చి వ్రాసెను. నంది కొండలలో పుట్టిన ఆ పాలారే కుప్పము ప్రాంతమును దాటి తమిళదేశము చేరుచున్నది.

భూమి ఉపరితలము మారు విధమును ఈ పీఠభూమియే చక్కగ బోధించును. ఇచటి నేలకు అడుగున నున్నది 250 కోట్ల సంవత్సరములకు పైబడిన గ్రానైటు, నైస్ శిలలు. వానిలో నిలువుగను అడ్డముగను సన్నని పగుళ్లుండును. వాననీరు గాలినుండియు, మట్టినుండియు బొగ్గుపులుసు వాయువును గ్రహించి స్వల్పముగ ఆమ్లగుణము పొంది ఆ పగుళ్లలో దిగును. అందలి ఫెల్‌స్పారు కరగి బంకమన్నగును. గట్టిదైన స్ఫటికము ఇసుకరేణువులై మిగులును. ఇనుము తుప్పుపట్టి మట్టికి ఎఱ్ఱరంగు నిచ్చును. రాతిముక్క యొక్క మూలలు మూడుప్రక్కలనుండి తినబడుటచే ముందుగ అరిగి, నడిమి భాగము గుండ్రని బండయై నిలుచును. పిమ్మట వానలు చుట్టునున్న మట్టిని కడిగివేయగా బండ బయటపడును. అట్లు కొట్టుకొనిపోయిన ఇసుకయే మదనపల్లె చెంత బాహుదానది పడకలో పరచుకొన్నది. గ్రానైటు పగుళ్లలోనికి పూర్వము చొచ్చుకొనివచ్చి గడ్డకట్టిన డోలరైటు నల్లని గట్లుగ అచటచట లేచియున్నది. కుప్పము పరిసరములలో త్రవ్వితీయు నల్లరాయి ఇదియే.

ఏటియొడ్డున గులకరాళ్లు ఏ పొరలో నున్నవి, ఆ పొర ఎట్లు ఏర్పడినది అని ప్రశ్నించుట ఫూటునకు నిత్యకృత్యము. ఆ అలవాటే 1863 మే 30వ తేదీన ఫలించెను. మద్రాసు సమీపమున పల్లావరము నందు లాటరైటు అను ఎఱ్ఱని తుప్పురాతి నేలలో, మానవుడు చెక్కిన రాతి పనిముట్టొకటి ఆయనకు దొరకెను. ఐరోపాలో నదీగర్భపు కంకరలలో దొరకిన రాతిగొడ్డళ్లు మానవుని పనియే యని పండితులు అంగీకరించి అప్పటికి నాలుగేండ్లే యయ్యెను. అదే సంవత్సరము సెప్టెంబరులో ఫూట్, కింగ్ ఇరువురును అత్తిరంపాక్కమున మరిన్ని పనిముట్లు కనుగొనిరి.

ఇచటనే అసలు చిక్కు వచ్చినది. రాతికి తేదీ వ్రాసియుండదు. పనిముట్టు వయస్సు తెలియవలెనన్న దానిని కప్పిన పొర వయస్సు తెలియవలెను. ఆ లాటరైటు పొరలు సముద్రజలముల క్రింద ఏర్పడినవని ఫూట్ తలంచెను. తరువాతి శాస్త్రజ్ఞులు ఆ మాట నంగీకరింపలేదు. అయినను పనిముట్లు మిక్కిలి ప్రాచీనములన్న ఆయన మూలవాదము చెక్కుచెదరలేదు. అత్తిరంపాక్కపు పనిముట్లు సుమారు 15 లక్షల సంవత్సరముల నాటివని 2011లో ప్రకటితమైన పరిశోధన నిర్ణయించెను. ఫూట్ ఊహించిన దానికంటెను మానవుని అడుగుజాడ పాతదని తేలినది.

బంగారు గనుల చరిత్రలోను ఆయన పేరు నిలిచినది. మైసూరు సంస్థానపు బంగారు క్షేత్రములను చూచి 1882లో నివేదిక ప్రకటించెను. గ్రానైటు, నైస్‌ల నడుమ సన్నని పట్టీలవలె సాగు నల్లని పలకరాళ్లు ఒక ప్రత్యేక శ్రేణి యని గుర్తించి, దానికి ధార్వారు శ్రేణి యని నామకరణము చేసెను. దక్షిణదేశపు బంగారము ముఖ్యముగ ఈ శ్రేణియందే కలదని 1888లో విశదపరచెను. కోలారు పట్టీ దక్షిణమునకు సాగి కుప్పము చెంత చిగురుగుంట, బిసానత్తముల వరకు వచ్చినది. ఎందరో తెలుగువారికి కూడు పెట్టిన కోలారు గనులు మూడు కిలోమీటర్లకు మించిన లోతునకు దిగి, 2001లో మూతపడినవి.

1883లో ప్రభుత్వము ఫూటును కర్నూలు మండలమున బేతంచెర్ల సమీపమునందలి బిల్లసర్గము గుహల త్రవ్వకమునకు నియమించెను. సున్నపురాతిని వాననీరు కరగించుటచే ఏర్పడిన గుహలవి. ఆయన కుమారుడు, సైనికోద్యోగి యైన హెన్రీ ఆ పనిని సాగించెను. గుహల మట్టిలో అంతరించిన జంతువుల యెముకలు లభించెను. అందొక ఖడ్గమృగజాతికి కర్నూలు పేరిటనే శాస్త్రనామ మేర్పడినది. ఎముకతో చేసిన పనిముట్లు కూడ కలవని తండ్రికొడుకులు చెప్పగా పలువురు సందేహించిరి. 1970 దశకమున ఆ ప్రాంతపు ముచ్చట్ల చింతమాను గవిలో ఎముక పనిముట్లు బయల్పడి, వారి అన్వేషణకు మరల గౌరవము చేకూర్చెను.

1891లో ఫూట్ ప్రభుత్వోద్యోగము విరమించెను. విశ్రాంతి గొనక బరోడా సంస్థానమున పరిశోధన చేసెను. 1894లో ఏర్పడిన మైసూరు భూగర్భశాఖకు తొలి అధిపతి యయ్యెను. నలుబదియేండ్లు కూర్చిన రాతి పనిముట్లు, మట్టిపాత్రలు 1904లో మద్రాసు మ్యూజియమునకు చేరినవి. ఏ వస్తువు ఏ చోట దొరకినదో వ్రాసి యుంచుటచే ఆ సేకరణ నేటికిని పరిశోధకులకు ఉపకరించుచున్నది. 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలో ఆయన మరణించెను. సేలము సమీపమున ఏర్కాడు చర్చి ఆవరణమున ఆయన సమాధి కలదు. సేకరణ వివరములతో కూడిన గ్రంథములు మరణానంతరము 1914, 1916 సంవత్సరములలో వెలువడెను.

ప్రాతరాతియుగమునకును క్రొత్తరాతియుగమునకును నడుమ మనుష్యసంచారము లేని దీర్ఘ విరామ మున్నదని ఫూట్ నమ్మెను. పిమ్మటి త్రవ్వకములు ఆ నడిమి కాలపు పనిముట్లను వెలికితీసి ఆ అభిప్రాయమును త్రోసివేసినవి. ఆయన నిర్ణయములు కొన్ని పోయినను ఆయన వ్రాసి పెట్టిన వివరములు పోలేదు. చూచినది చూచినట్లు, దొరకిన తావుతో సహా వ్రాసియుంచుటచే, తన తప్పును దిద్దుటకు కావలసిన ఆధారమును గూడ తానే సమకూర్చి పోయెను. భూగోళ పాఠము చెప్పు ఉపాధ్యాయుడు పిల్లలను ఊరి వంకగట్టునకు తీసికొనిపోయి, అచటి మట్టిపొరలను పైనుండి క్రిందికి వరుసగ వ్రాయించినచో, ఫూట్ తన పరిశోధన యంతటికి ఆధారము చేసికొన్న పనిని వారిచే చేయించినట్లే యగును.