పగనీని మెచ్చిన ఫిడేలు

నికోలో పగనీని 1782లో ఇటలీ దేశమందలి జెనోవా నగరమున జన్మించెను. ఫిడేలునందు ఆనాటి ఐరోపాలో అతనికి సాటి లేడు; గిటారునందును నిపుణుడే. కీర్తి పెరిగి ధనము చేరినకొలది అతనికి వాద్యములపై మోహమును పెరిగెను. స్ట్రాడివారి చేసిన ఫిడేళ్లు, వయోలా, చెల్లో వరుసగా ఇల్లు చేరెను. ఆ వయోలా కొఱకు బెర్లియోజును ఒక కృతి కోరెను. అందు తన వాద్యమునకు విరామము లెక్కువయని, 1834లో పూర్తియైన ఆ కృతిని అతడు వాయింపనేలేదు.

అయినను అతనికి ప్రాణమైనది 1743లో గ్వార్నేరి చేసిన ఫిడేలు. గంభీరనాదమునుబట్టి దానికి 'ఫిరంగి' యని పేరు. అది కొన్నది కాదు. లివోర్నోలో ఒక వర్తకుడు ఎరువిచ్చి, వాదనము విని ముగ్ధుడై, దానినే కానుక చేసెనని చెప్పుదురు.

పగనీని 1840లో నీస్ నగరమున మరణించెను. కొన్న స్ట్రాడివారి వాద్యములు పరుల పాలయ్యెను. కానుకగా వచ్చిన ఫిడేలును మాత్రము అతడు జన్మస్థలమునకు వ్రాసియిచ్చెను. నేటికిని జెనోవా దానిని కాపాడుచున్నది.