డొనాల్డ్ క్యాంప్‌బెల్

ధర్మవరము చెఱువుగట్టున నిలిచి పిల్లలు చిల్లపెంకులు విసరు ఆట అందఱు నెఱిగినదే. పలుచని పెంకును నీటికి సమముగా, వడిగా విసరినచో అది మునుగక, కప్పవలె గంతులు వేయుచు సాగిపోవును. వడి తగ్గగనే మునుగును. దాని ముందంచు కొంచెము మిక్కిలిగా లేచినచో పల్టీ కొట్టును. ఆటలోని యీ చిక్కును ఒక పెద్ద పడవతో ఎదుర్కొని, పదునెనిమిదేండ్లు పోరాడిన సాహసి డొనాల్డ్ క్యాంప్‌బెల్.

ఇతడు 1921 మార్చి 23వ తేదీన ఇంగ్లండులో జన్మించెను. తండ్రి మాల్కమ్ నేలమీదను నీటిమీదను వేగమున ప్రపంచప్రసిద్ధుడు. ఆయన 1939లో కానిస్టన్ సరస్సుపై గంటకు 141 మైళ్లకు పైగా పడవ నడిపి, 1948 డిసెంబరు 31న కన్నుమూసెను. తండ్రి కీర్తిని అమెరికావారు దాటనున్నారని విని, కుమారుడు ఆ పాత పడవను తీసికొని నీట దిగెను. తండ్రియొద్ద పనిచేసిన లియో విల్లా అను యంత్రనిపుణుడు అతనికి తోడుగా నిలిచెను. వేగము హెచ్చినపుడు ఆ పడవ వెనుకభాగము నీటినుండి లేచుచుండెను. ఆ తీరునకు తగినట్లు వారు పడవను మార్చి సరిదిద్దిరి. కాని 1951లో గంటకు 170 మైళ్ల వేగమున పోవుచుండగా, నీట మునిగియున్న వస్తువేదో తగిలి పడవ పగిలెను. ఇద్దఱును ప్రాణములతో బయటపడిరి. మఱుసటి యేడు జాన్ కాబ్ అను మఱియొక వీరుడు స్కాట్లండులోని లాక్‌నెస్ సరస్సున, జెట్ పడవ ముక్కలై మరణించెను.

ఇంకొకడైనచో అంతటితో మానియుండును. క్యాంప్‌బెల్ మానలేదు, అట్లని గ్రుడ్డిగా మఱల దూకనూ లేదు. కెన్ నోరిస్, లూ నోరిస్ అను సోదరులచేత క్రొత్త పడవకు రూపకల్పన చేయించెను. దాని చిన్న నమూనాలను నీటితొట్టిలోను గాలిసొరంగములోను పరీక్షించిరి. లోహముతో చేసిన ఆ పడవకు ముందు ఇరువైపుల రెండు తేలుడు పాదములు, వెనుక తోక. వేగమందుకొన్న పిమ్మట ఆ మూడుచోట్ల మాత్రమే అది నీటిని తాకును. దానికి బ్లూబర్డ్ అని పేరు.

1955లో మొదటి పరీక్షలందే చిక్కు వచ్చెను. ముందరి పాదములు ఎగజిమ్మిన తుంపర ఇంజను నోటిలో పడుచుండెను. పాదములను మోయు అడ్డకమ్మిని పైకెత్తి దానిని సవరించిరి. జులై 23న అల్స్‌వాటర్ సరస్సుపై గంటకు 202 మైళ్లు, అనగా 325 కిలోమీటర్ల వేగము సాధించెను. 1964 వరకు ఆఱుమారులు తన రికార్డును తానే పెంచుకొనెను. ఆ 1964లోనే నేలపై 403 మైళ్లు, నీటిపై 276 మైళ్లు సాధించెను. ఒకే సంవత్సరమున ఈ రెండు రికార్డులను సాధించినవాడు మఱియొకడు లేడు.

అయినను ఆ పడవ స్వభావమున ఒక దోషము మిగిలియుండెను. అతివేగమున గాలి దాని అడుగున దూరి ముక్కును పైకెత్తజూచును. జెట్టు త్రోపుడు గరిమనాభికి పైన సాగుటచే ముక్కును క్రిందికి నొక్కును. ఈ రెంటి తూకమే పడవకు ఆధారము. ముక్కు కొన్ని డిగ్రీలు హద్దు మీఱి లేచినచో ఏ నావికుడును దానిని దింపజాలడు.

1966లో 300 మైళ్ల వేగమును కోరి, పాత ఇంజనునకు మాఱు తేలికయు బలవత్తరమునునగు ఆర్ఫియస్ ఇంజనును అమర్చిరి. అది నాట్ యుద్ధవిమానపు ఇంజను. ధర్మవరము, పెనుకొండ, హిందూపురముల మీదుగా సాగు రైలుదారి చేరు బెంగళూరున, హిందూస్థాన్ ఏరోనాటిక్స్ కర్మాగారములో కూడ నాట్ విమానములను, ఆర్ఫియస్ ఇంజనులను తయారుచేసిరి. 1965 యుద్ధమున ఆ విమానములు భారతదేశమునకు పేరు తెచ్చినవి.

క్రొత్త ఇంజను తేలికయగుటచే వెనుకభాగపు బరువు తగ్గెను. పడవ ముక్కు నీట గ్రుచ్చుకొని, పైకి లేచి పరుగెత్తుట కష్టమాయెను. వెనుక సీసపు బరువులు కట్టగా ఆ చిక్కు తీఱెను. కాని వెనుక బరువు పెరిగినకొలది ముక్కు లేచుట సులభమగును. ముక్కు మునుగు రోగమునకు వేసిన మందు, ముక్కు లేచు రోగమునకు అనుకూలమే!

నియమము ప్రకారము కొలిచిన కిలోమీటరు దూరమును ఒక గంటలోపల ఇరుదిశల పరుగెత్తి, సగటును చూపవలెను. 1967 జనవరి 4న కానిస్టన్‌పై మొదటి పరుగున వేగము 297 మైళ్లు. అలలు అణగువఱకు ఆగక, ఇంధనము నింపక, క్యాంప్‌బెల్ వెంటనే తిరిగెను. ఇంధనము తరిగిన పడవ తేలిక. సరస్సు ఇంకను కలగియున్నది. వేగము 320 మైళ్లు దాటి తగ్గుచుండగా పడవ ఊగి, ముక్కు పైకి లేచెను. అదే సమయమున ఇంజను ఆగి, ముక్కును నొక్కు బలమును కోల్పోయినదని పిదప పరిశోధించినవారు తలచిరి. బ్లూబర్డ్ గాలిలో వెనుకకు పల్టీ కొట్టి నీట పడి ముక్కలయ్యెను. క్యాంప్‌బెల్ అప్పుడు నలుబదియైదేండ్లవాడు.

పడవ శకలములను 2001 మార్చిలోను, అతని భౌతికకాయమును మేలోను సరస్సు అడుగునుండి వెలికితీసిరి. ఆ సెప్టెంబరున కానిస్టన్ గ్రామములోనే అతనిని ఖననము చేసిరి. పడవను ఏండ్లతరబడి మరమ్మతుచేయగా, 2018లో స్కాట్లండులోని ఒక సరస్సుపై అది మఱల నీటిమీద పరుగెత్తెను.